బొటనవేలి కణుపంత సిపాయి

బల్ల మీద ఆడే యుద్ధక్రీడల్లో సైనికుడి బొమ్మను పాదం నుంచి నడినెత్తి దాకా కొలవరు, పాదం నుంచి కంటి దాకా కొలుస్తారు. నెత్తి మీద టోపీ ఉండొచ్చు, తురాయి ఉండొచ్చు, తలపాగా ఉండొచ్చు. కన్ను మాత్రం ఎక్కడికీ కదలదు. ఇప్పుడు ఎక్కువమంది వాడే కొలత 28 మిల్లీమీటర్లు. బొటనవేలి పై కణుపు కూడా దాదాపు అంతే ఉంటుంది. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు సుమారు 1.6 మీటర్లు అనుకుంటే, బొమ్మ మనిషిలో యాభై ఏడో వంతు. బల్ల ముందు కూర్చుని 60 సెంటీమీటర్ల దూరం నుంచి దాన్ని చూస్తే, 34 మీటర్ల అవతల నిలబడ్డ మనిషిని చూసినట్టు లెక్క. అంత దూరాన కోటు గుండీలు స్పష్టంగా తేలవు, చూపు ఎటుందో చెప్పలేం. అయినా చక్కగా రంగు వేసిన బొమ్మలో గుండీలూ కనిపిస్తాయి, చూపూ కనిపిస్తుంది. ఈ పని తెలిసినవాళ్ల ప్రతిభంతా ఆ తేడాలోనే ఉంది. ఏది కనబడాలో ముందు ఎంచుకుంటారు, దాన్ని ఉన్నదానికంటే పెద్దది చేస్తారు, మిగతాది వదిలేస్తారు. అచ్చు పోసేవాడి దగ్గర నుంచి ఆఖరి పూత పూసేవాడి దాకా అందరూ చేసేది ఇదే.

ఆట పాతదే. 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం తన అధికారులకు పటాల మీద దిమ్మెలు జరిపించి యుద్ధవిద్య నేర్పేది. బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే నియమాలను ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకంగా వేశాడు. అందులో స్ప్రింగు ఫిరంగితో చెక్క గుళ్లు పేల్చి ఎదుటివాడి సైనికులను పడగొట్టాలి. ఇవాళ ఆ పని పాచికలూ కొలత టేపూ చేస్తున్నాయి. 1983లో వచ్చిన వార్‌హామర్ అనే ఆటతో ఊహాలోకపు సైన్యాలకు గిరాకీ పెరిగింది గానీ, నిజంగా జరిగిన యుద్ధాలను ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు రకాల బొమ్మలకూ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పెద్ద కేంద్రం. వార్‌హామర్‌ను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ అక్కడే ఉంది. అందులో చాలాకాలం పనిచేసిన శిల్పులు కొందరు ఆ చుట్టుపక్కలే సొంత కంపెనీలు పెట్టుకున్నారు. పెర్రీ కవలలు అలన్, మైఖేల్ అలాంటివాళ్లే. పాతకాలపు యుద్ధాన్ని అభినయించే ఒక ప్రదర్శనలో ఫిరంగి ప్రమాదం జరిగి మైఖేల్ కుడిచేయి పోగొట్టుకున్నాడు. ఎడమచేత్తో మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, అదే సూక్ష్మమైన పనిని ఇప్పటికీ చేస్తున్నాడు.

లోహపు బొమ్మ తయారీ సన్నటి తీగతో మొదలవుతుంది. తీగను అస్థిపంజరంలా వంచి, దానిమీద రెండు భాగాలు కలిపిన ఎపాక్సీ మక్కుతో కండరాలు, బట్టలు, ముఖం ఒకదానిమీద ఒకటి చేరుస్తారు. గట్టిపడిన మూలరూపాన్ని రెండు రబ్బరు బిళ్లల మధ్య పెట్టి, వేడిమీద గట్టిగా అదిమితే రబ్బరు దాని ఆకారం పట్టుకుని బిగుసుకుంటుంది. ఆ అచ్చును యంత్రం మీద గిరగిరా తిప్పుతూ నడిమధ్య రంధ్రంలో కరిగిన తగరపు మిశ్రమం పోస్తారు. తిరుగుడు జోరుకు లోహం అంచులకు పరుగెత్తి వేలికొనల దాకా, కత్తిమొన దాకా నిండుతుంది. ప్లాస్టిక్ బొమ్మ దారి వేరు. ఉక్కు అచ్చులోకి కరిగిన పాలిస్టైరీన్‌ను ఒత్తిడితో ఎక్కిస్తారు. ఉక్కుకు రబ్బరులా సాగే గుణం లేదు. అచ్చు రెండు సగాలూ తిన్నగా విడిపోవాలి, లోపలికి మడిచిన భాగం ఏదున్నా బొమ్మ అందులోనే ఇరుక్కుపోతుంది. అందుకే ప్లాస్టిక్ సైనికుడు ముక్కలుగా వస్తాడు: మొండెం ఒకటి, చేతులు విడిగా, తల విడిగా, వీపు సంచి విడిగా, అన్నీ ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి. మనిషి దేహాన్ని ఏ గీత మీద విడదీస్తే ప్రతి ముక్కా అచ్చులోంచి తిన్నగా బయటికొస్తుందో, మళ్లీ అతికినప్పుడు ఆ గీత పట్టీ కిందో కాలరు కిందో దాగిపోతుందో ముందే ఊహించాలి. ఒక చట్రాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూస్తే ఆ ఆలోచనంతా అర్థమవుతుంది.

కొలతలను కావాలని తప్పడం కూడా ఇక్కడే మొదలవుతుంది. పాతకాలపు తుపాకీ గొట్టాన్ని నిజమైన నిష్పత్తిలో కుదిస్తే అర మిల్లీమీటరు కూడా ఉండదు. ముట్టుకుంటే విరుగుతుంది, కంటికీ ఆనదు. అందుకే దాన్ని లావు చేస్తారు. దాన్ని పట్టుకున్న చేయి సన్నగా కనిపించకుండా చేతినీ పెద్దది చేస్తారు. చేతికి తగ్గట్టు తల. బట్టల ముడతలను అసలుకంటే లోతుగా చెక్కుతారు, అప్పుడే వాటిలో నీడ నిలుస్తుంది.

ఇప్పుడు ఒక్క బొమ్మను చేతిలోకి తీసుకుందాం. 1803 సెప్టెంబరు 23న అసయీ దగ్గర మరాఠా పాలకులు సింధియా, భోంస్లేల సేనలతో బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ తలపడ్డాడు. అతని పదాతిదళంలో ఎక్కువమంది ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యపు సిపాయిలు. ఆ సైన్యంలో ఉత్తర సర్కారుల నుంచి చేరిన తెలుగువాళ్లు ఎందరో ఉండేవారు. అలాంటి సిపాయిని నెపోలియన్ కాలపు బ్రిటిష్ పదాతి ప్లాస్టిక్ బొమ్మలోంచి తయారుచేయడం మనం చూడబోయే పని. ఇలా ఒక బొమ్మను మరొకటిగా మార్చడాన్ని ఈ రంగంలో కన్వర్షన్ అంటారు. ఎర్రకోటు, రొమ్ము మీద అడ్డంగా వెళ్లే తెల్లపట్టీలు, తూటాల పెట్టె, తుపాకీ దాదాపు అలాగే ఉంచొచ్చు. మారాల్సినవి మూడు: తల, కాళ్లు, పాదాలు. సిపాయి పొడుగు పంట్లాం వేసుకోడు. తొడల మీదే ఆగిపోయే తెల్లని లాగు, దాని అంచున రంపపు పళ్లలాంటి నీలి రంగు అలంకారం, కింద వట్టి కాళ్లు, పాదాలకు చెప్పులు, తలకు నీలి తలపాగా.

ముందు చట్రం నుంచి ముక్కలను సైడ్ కట్టర్‌తో కత్తిరిస్తారు. కట్టర్ చదునైన వైపు బొమ్మకు ఆనించాలి, లేకపోతే తుంచిన చోట గుంట పడుతుంది. అచ్చు సగాలు కలిసిన చోట బొమ్మ చుట్టూ వెంట్రుకంత గీత తేలి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు. రంగు పడ్డాక మాత్రం అది ముఖం మీద గాటులా తేలుతుంది. కత్తి వీపుతో, పదును లేని వైపుతో, మెల్లగా గీకితే పోతుంది. గుండ్రని చోట్ల సన్నని ఆకురాయి, చివరికి మెత్తని ఉప్పు కాగితం.

కాళ్ల దగ్గర పదార్థం మనకు అనుకూలంగా ఉంది. పంట్లాం కాలికంటే లావు కాబట్టి ఉన్నదాన్ని చెక్కేస్తే చాలు, కొత్తగా చేర్చాల్సింది తక్కువ. నడితొడ నుంచి కిందికి ముడతలన్నీ గీకేసి, మోకాలి చిప్ప దగ్గర కొంచెం ఎత్తు ఉంచి, దాని కింద రెండు పక్కలా సన్నగా నొక్కులు తీస్తారు. పిక్క కండ వెనక వైపు కాలి సగానికి పైనే ఉబ్బుతుంది. అది కిందికి జారితే కాలు స్తంభంలా కనిపిస్తుంది. బూటు మడమను ఆకురాయితో పల్చన చేసి, ముందు భాగంలో కత్తిమొనతో నాలుగు చిన్న గాట్లు పెడితే ఐదు వేళ్లు వస్తాయి. చూసే కన్ను మిగతాది తానే పూరించుకుంటుంది.

తలకు మక్కు కావాలి. ఈ రంగంవాళ్లు గ్రీన్ స్టఫ్ అనేది పసుపు, నీలం రెండు పట్టీలుగా వస్తుంది. పసుపు రెసిన్, నీలం గట్టిపరిచేది. మన ఇళ్లలో నీళ్ల గొట్టం కారితే పెట్టే ఎం-సీల్ కూడా ఈ కుటుంబానిదే. రెండు పట్టీలు ఆనుకుని ఉన్న నడిమి గీత దగ్గర మక్కు ముందే గట్టిపడి ఉంటుంది కాబట్టి ఆ ఇరుకు పట్టీని కోసి పారేయాలి, లేకపోతే పిసికినప్పుడు పలుకులు తగులుతాయి. సమపాళ్లలో కలిపి ఏకరంగు ఆకుపచ్చ వచ్చేదాకా పిసకాలి. పసుపు పాలు పెంచితే మెత్తగా ఉంటుంది, నీలం పెంచితే గట్టిగా బిగుస్తుంది. కలిపిన వెంటనే వేళ్లకు అంటుకుంటుంది. కాసేపాగితే చెప్పినట్టు వింటుంది. గంట, గంటన్నర దాటితే ఇక మొరాయిస్తుంది. ఏ దశలో ఏ పని చేయాలో తెలియడమే ఇందులో సగం విద్య. పనిముట్టును ఎప్పుడూ నీళ్లతో తడుపుతూ ఉండాలి.

బొమ్మ తలమీది పొడుగు టోపీని కనుబొమల పైన అడ్డంగా కోసేస్తారు. చేతి డ్రిల్లుతో నెత్తిమీద చిన్న రంధ్రం చేసి, అందులో తీగముక్క దింపి ఫెవిక్విక్ చుక్క వేస్తారు. మక్కుకు పట్టు దొరికేది ఆ తీగ మీదే. మొదటి రోజు తలపాగా లోపలి ముద్ద మాత్రమే పెట్టి వదిలేస్తారు. అది గట్టిపడ్డాక, మర్నాడు పైచుట్లు. ఒకేసారి చేయబోతే పైచుట్టు నొక్కినప్పుడల్లా లోపలిది కదిలి ఆకారం పోతుంది. మక్కును తడి పలక మీద సన్నని తాడులా దొర్లించి, చదును చేసి, కత్తితో పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఎత్తి నిజంగా తలపాగా చుట్టినట్టే చుడతారు. చుట్టు చుట్టుకూ మధ్య రబ్బరు మొన పనిముట్టుతో గీత లాగుతారు. గుడ్డ ఎక్కడ బిగుతుగా లాగితే ముడత అక్కడి నుంచి విసనకర్రలా విచ్చుకుంటుంది. తలపాగా చుట్టడం చిన్నప్పటి నుంచీ చూసిన మనకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. లాగు అంచుకూ సన్నని పట్టీ చాలు. గ్రీన్ స్టఫ్ ఆరాక కూడా కొంచెం సాగుతుంది, ఆకురాయికి సరిగా లొంగదు. పదునైన అంచులు కావాల్సిన చోట మిల్లీపుట్ అనే మరో మక్కును కలుపుకుంటారు.

అతకడానికి వాడే ప్లాస్టిక్ జిగురును జిగురు అనడం కూడా సరికాదేమో. అది పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. రెండు ముక్కల అంచులూ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాక ద్రావకం ఆవిరైపోతుంది, మధ్యలో ఏమీ మిగలదు. అతుకు పోయి ఒకే ముక్క అవుతుంది.

తరువాత ప్రైమర్, అంటే రంగు పట్టేలా ముందు వేసే పునాది పూత. ముందు బొమ్మంతా నలుపు పిచికారీ చేసి, అది ఆరాక తెలుపును ఏటవాలుగా పైనుంచి మాత్రమే చల్లుతారు. నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుతురు ఎక్కడ పడుతుందో తెలుపు అక్కడ పడుతుంది, గడ్డం కింద, పట్టీల కింద, తొడల మధ్య నలుపు మిగిలిపోతుంది. వేయబోయే రంగులన్నిటికీ ఇదే పటం. మన వాతావరణంలో ఈ దశే ప్రమాదకరం. కోస్తా ఉక్కపోతలో పిచికారీ చేస్తే పూత బూజులా గరుకుగా దిగుతుంది. మే నెల మధ్యాహ్నం చేస్తే తుంపర గాలిలోనే ఆరి పొడిలా రాలుతుంది. తేమా ఎండా లేని పూట దొరక్కపోతే కుంచెతో పూసే ప్రైమర్ మేలు.

కుంచె విషయంలో చాలామంది అనుకునేది తలకిందులు. చిన్న బొమ్మకు అతి చిన్న కుంచె కావాలనుకుంటారు. రెండు వెంట్రుకల కుంచెలో రంగు నిలవదు, బొమ్మను చేరేలోపే మొన ఆరిపోతుంది. కావాల్సింది రంగును పట్టే పొట్ట, సూదిలా కుదిరే మొన. సైబీరియా ప్రాంతపు వీజల్ తోక వెంట్రుకలతో చేసే కోలిన్‌స్కీ కుంచెలకు అందుకే అంత పేరు. విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ సిరీస్ 7 కుంచెలను 1866లో విక్టోరియా రాణి కోసం మొదలుపెట్టింది. ఈ బొమ్మల వాళ్లు ఇప్పటికీ వాటినే వెతుక్కుంటారు. యాక్రిలిక్ రంగును నేరుగా సీసాలోంచి వేయరు. తడి స్పాంజి మీద పరిచిన బేకింగ్ కాగితమే పలక. కింది తేమ కాగితంలోంచి ఊరుతూ గంటల తరబడి రంగును ఆరనివ్వదు. ఒక దళసరి పూతకు బదులు రెండు పల్చని పూతలు వేయాలి. ఆ నియమాన్ని పాటించకపోతే మక్కుతో అంత కష్టపడి తీసిన ముడతలు పూడిపోతాయి.

రంగు లోపలి నుంచి బయటికి వెళుతుంది. ముందు చర్మం, తరువాత బట్టలు, ఆపైన పట్టీలు, చివర తుపాకీ. లోతుల్లో వేసేటప్పుడు కుంచె అంచులకు తగలక మానదు; ఆ అంచులు ఎలాగూ తరువాత కప్పబడతాయి.

మన సిపాయికి చర్మమే పెద్ద పని, ఎందుకంటే కాళ్లన్నీ బయటే ఉన్నాయి. ఈ రంగంలో బోధనంతా తెల్లచర్మం చుట్టూ తిరగడం వల్ల చాలామంది గోధుమ రంగు చర్మానికి కూడా వెలుతురు కోసం తెలుపు కలుపుతారు. అప్పుడు బొమ్మ బూడిద పూసుకున్నట్టు తయారవుతుంది. ఎరుపు కలిసిన ముదురు గోధుమ వేసి, నీడలకు ఊదా కలిపిన నలుపు, వెలుతురుకు కాషాయం వైపు మొగ్గే పసుపు మట్టిరంగు వాడితే చర్మం వెచ్చగా, సజీవంగా కనిపిస్తుంది. మోకాళ్లు, మెటికలు కాస్త ముదురు. ఒక పటాలంలో అందరికీ ఒకే గోధుమ వేయకూడదు. మూడు నాలుగు మిశ్రమాలు కలిపి పెట్టుకుని మార్చి మార్చి వాడితే వరసలో నిలబడ్డవాళ్లు వేరువేరు మనుషులవుతారు.

ముడతల్లో నీడకు వాష్ అనే పల్చని రంగు వాడతారు. నీళ్లలా పారి గుంటల్లో చేరి అక్కడే ముదురుగా ఆరుతుంది. ఎక్కువైతే మచ్చ కడుతుంది, కాబట్టి తడి కుంచెతో మిగులును పీల్చేయాలి. ఎర్రకోటు ఇంకాస్త ఓపిక అడుగుతుంది. ఎర్ర వర్ణకం కింది రంగును సరిగా కప్పదు, అందుకని ముందు ముదురు గోధుమ పునాది వేస్తారు. మడత అంచుల్లో వెలుతురుకు తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది. నారింజ కలిపితే ఎరుపు ఎరుపుగానే ఉండి వెలుగుతుంది. తెల్లపట్టీలకు అసలు తెలుపు చివర్లో, అంచుల మీద మాత్రమే. కింద ఉండేది లేత బూడిద రంగు. ఇన్ని నీడలెందుకంటే, ఇంత చిన్న వస్తువు మీద గది దీపం లోతైన నీడలు వేయలేదు. మనిషి మీద సూర్యుడు చేసే పనిని కుంచె చేయాలి.

లాగు అంచున నీలి రంగు పళ్ల వరసను వేసే తీరు నాకు అన్నిటికంటే ఇష్టం. అర మిల్లీమీటరు కోణాలను వరసగా గీయడం ఎవరి చేతికీ సాధ్యం కాదు. అందుకని ఎవరూ గీయరు. ముందు నిండుగా నీలి పట్టీ వేస్తారు. ఆరాక తెలుపుతో పైనుంచి చిన్న చిన్న కోణాలుగా దానిలోకి కోసుకొస్తారు. నీలంలో మిగిలింది పళ్ల వరస. ఎక్కడైనా తెలుపు ఎక్కువైతే నీలంతో మళ్లీ లోపలికి కోస్తారు. రెండు రంగులూ అలా ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటూ గీతను కుంచె మొనకంటే సన్నగా తెస్తాయి.

నుదుటి నామానిదీ అదే పద్ధతి. తెల్లని చిన్న దిమ్మె వేసి, నడుమ చర్మపు రంగుతో చీల్చి, చివర ఎర్రని గీత. 34 మీటర్ల నుంచి నామం కనిపిస్తుందా అని అడగొచ్చు. కనిపించినా కనిపించకపోయినా ఈ బొమ్మకు అది ఉండాలి. 1805-06లో మద్రాసు సైన్యాధికారులు యూనిఫారంలో ఉన్న సిపాయిలు నుదుట బొట్టూ నామాలూ పెట్టుకోకూడదని, చెవిపోగులు తీసేయాలని, గడ్డాలు గీయించుకోవాలని ఉత్తర్వులిచ్చారు. తోలు తురాయి ఉన్న కొత్తరకం తలపాగా తెచ్చారు. ఆ తలపాగా, ఆ నిషేధాలే 1806 జూలై 10న వేలూరు కోటలో తిరుగుబాటుకు నిప్పు పెట్టాయి. 1803 నాటి సిపాయికి నామమో విభూతో చెవిపోగో ఉంటే అది కాలానికి కట్టుబడిన బొమ్మ. అందరికీ ఒకటే గుర్తు వేయడం కూడా తప్పే, ఆ పటాలాల్లో ముస్లిములు కూడా ఎందరో ఉన్నారు.

కళ్లు వేయాలనుకుంటే ముందు కంటిగుంటను ముదురు గోధుమతో నింపి, దానిలో మాసిన తెలుపు చిన్న గీత వేసి, కనుపాపను పైరెప్ప నుంచి కింది రెప్ప దాకా నిలువుగా దించాలి. పాప చుట్టూ తెలుపు మిగిలితే సిపాయి జడుసుకున్నట్టు కనిపిస్తాడు. బాయ్‌నెట్‌కు లోహపు రంగు, దానిమీద నల్లని వాష్, మొన దగ్గర వెండి గీత చాలు. బూడిద, గోధుమ, తెలుపులతోనే లోహపు మెరుపు భ్రమను తెప్పించే పద్ధతీ ఉంది. గేమ్స్ వర్క్‌షాప్ 1987 నుంచి నడుపుతున్న గోల్డెన్ డీమన్ లాంటి పోటీల్లో దాన్ని చూడాలి. యుద్ధానికి దిగే పటాలానికి అది అనవసరం.

పీఠానికి ఫెవికాల్ పూసి ఇసుక చల్లుతారు. అసయీది దక్కన్ నల్లరేగడి నేల, కాబట్టి నలుపు కలిసిన ముదురు గోధుమ రంగు. సెప్టెంబరు చివర అంటే వానలు పడిన నేల. గడ్డి నార పచ్చగా ఉండాలి, ఎండిన రంగు వేస్తే వేసవి అవుతుంది. ఆటలో బొమ్మను వందసార్లు ఎత్తి దించుతారు కాబట్టి ముందు గట్టి మెరుపు వార్నిష్, దానిపైన మెరుపు చంపే మ్యాట్ వార్నిష్ పూస్తారు. మొదటిది కాపాడుతుంది, రెండోది మనం వేసిన నీడలను దీపపు మెరుపు చెడగొట్టకుండా ఆపుతుంది.

చేసి చూడాలనుకునేవారికి ఒక మాట. పెట్టెలోని నలభై బొమ్మలూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క సిపాయిని కాలి చెప్పు నుంచి తలపాగా దాకా పూర్తి చేయండి. ఏ పని ఏ పనికంటే ముందుండాలో ఆ ఒక్కడే నేర్పుతాడు. డబ్బు రంగుల మీద కంటే ముందు ఒక మంచి కుంచె మీద పెట్టండి. మొన బాగుంటుందని ఎవరైనా ముంగిస వెంట్రుకల కుంచె చూపిస్తే మాత్రం కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం మన దేశంలో నేరం, ఒక్కో కుంచె వెనకా చంపిన ముంగిసలుంటాయి. ఇప్పుడు కృత్రిమ వెంట్రుకల కుంచెలు కూడా మంచివి వస్తున్నాయి. మొదటి సిపాయికి అవి ధారాళంగా చాలు.